ఏ ఖానాలో రాయాలె?

మాత్రల సీసా ఇంటికి తేగానే ఆమె చేసే మొదటి పని దాని మీది కాగితం ఊడదీయడం. ముప్పై మాత్రలనూ మూత బిగుతుగా పట్టే స్టీలు డబ్బాలోకి ఒంపుతుంది. తేమ పట్టకుండా సీసాలో వేసిచ్చే చిన్న పొట్లాన్ని కూడా అందులోనే వేస్తుంది. ఖాళీ సీసాను గిన్నెలో నానబెడితే తెల్లారేసరికి కాగితం ఊడొస్తుంది. కాగితం పొయ్యిలోకి పోతుంది. ఎల్లారెడ్డి పక్క పల్లెలో గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు. సీసా మీది పేరు చదవగల బడిపిల్ల ఒక్కతి ఇంట్లోకి వచ్చినా చాలు, సాయంత్రానికి వాడంతా తెలుస్తుంది.

ఆమెకు ఇక్కడ పేరు పెట్టడం లేదు. ఇది ఒక్కామె కథ కాదు. కామారెడ్డి, ఎల్లారెడ్డి దారిలో మందులకు పోయేవాళ్ల బతుకుల తీరును ఒక మనిషిలో కూర్చి చెబుతున్నాం. పథకాలు, తేదీలు, డబ్బు లెక్కలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

ఆమె భర్త దుబాయిలో కూలి చేసి వచ్చాడు. మళ్లీ పోదామని ఏజెంటుకు అప్పు తెచ్చి కట్టి, హైదరాబాద్‌లో మెడికల్‌కు వెళ్లాడు. ‘అన్‌ఫిట్’ అన్నారు. ఎందుకన్నారో ఇంట్లో చెప్పలేదు. హెచ్ఐవీ ఉన్నవాళ్లకు గల్ఫ్ దేశాలు పని వీసా ఇవ్వవు. వలసల మీద బతికే ఈ పల్లెల్లో రోగం సంగతి డాక్టరు కంటే ముందు ఆ ‘అన్‌ఫిట్’ కాగితమే చెప్పిన ఇళ్లున్నాయి. 2008 ఎండాకాలంలో అతను పోయాడు. దినాలయ్యాక ఆమె రక్తపరీక్ష చేయించుకుంది. పిల్లాడికి లేదు. తనకుంది.

‘‘మందులు ఉట్టిగనే ఇస్తరట గదా సార్, నాకు ఇయ్యరా?’’ అనడిగింది.

ఇచ్చేవాళ్లే. 2004 ఏప్రిల్ 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లో, ఢిల్లీలో ప్రభుత్వం హెచ్ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. కానీ అప్పట్లో రోగాలతో పోరాడే సీడీ4 కణాల లెక్క బాగా పడిపోతేనే మందు. ఆమెకు 380 ఉన్నాయి. ఆర్నెల్లకోసారి వచ్చి రక్తం ఇచ్చి పొమ్మన్నారు. అంటే ఒంట్లో రోగం ముదిరేదాకా ఆగమనే. ఆ హద్దు తర్వాత 350కి, 500కి పెరిగింది. 2017లో హద్దే తీసేశారు. పరీక్షలో తేలిన ప్రతి ఒక్కరికీ మందు. ఆ లోపు ఆమెకు టీబీ వచ్చింది, దాని వెంటే ఏఆర్‌టీ మొదలైంది.

మందు దొరకడంలో మన హైదరాబాద్ పాత్ర కూడా ఉంది. ఒకప్పుడు అమెరికాలో ఏడాది వైద్యానికి పదివేల డాలర్లు దాటిన మందులు ఇవి. భారతీయ కంపెనీలు జెనెరిక్ మందులు చేశాకే పేదదేశాలకు అందాయి. 2017 సెప్టెంబరులో డోల్యుటెగ్రావిర్ కలిసిన రోజుకొక్క మాత్రను మనిషికి ఏడాదికి సుమారు 75 డాలర్లకే ఇచ్చేలా అంతర్జాతీయ ఒప్పందం కుదిరితే, ఒప్పుకున్న రెండు కంపెనీల్లో ఒకటి హైదరాబాద్‌ అరబిందో. ఎల్లారెడ్డి ఆమె రాత్రి అన్నం తిని వేసుకునే మాత్ర కూడా ఆ రకానిదే.

మందు ఉచితమే. దాని కోసం పోయే దారి ఉచితం కాదు. దగ్గరలో తీసుకుంటే తెలిసినోళ్లు కనబడతారని భయం. అందుకే నిజామాబాద్ పెద్దాసుపత్రి. పొద్దున్నే ఎల్లారెడ్డిలో బస్సెక్కి, లింగంపేట, తాడ్వాయి దాటి కామారెడ్డి, అక్కడ మరో బస్సు. పోనూ రానూ నాలుగు టికెట్లు. ఆ రోజు బీడీలు చుట్టలేదు కాబట్టి కూలి లేదు. తునికాకు కత్తిరించే వదినె అడుగుతుంది: ‘‘నెల నెలా నిజామాబాద్ల నీకేం పనే?’’

‘‘మా చిన్నమ్మకు బాగలేదు.’’

ఆ చిన్నమ్మ ఏళ్ల తరబడి మంచంలోనే ఉంది. చేతిలో పైసల్లేని నెల మాత్రం ఆమె వెళ్లలేదు. మరుసటి నెల కౌన్సెలర్ మిగిలిన మాత్రలు లెక్కపెట్టి, మందుల లెక్క రాసే పచ్చ పుస్తకం తిరగేసి, ‘‘అక్కా, మాత్రలెట్ల తప్పినయి?’’ అంటే తల వంచుకుంది. మరచిపోయానని చెప్పింది. బస్ కిరాయికి లేవని చెప్పడానికి నోరు రాలేదు.

కామారెడ్డి నుంచి రైలుంది. ఏఆర్‌టీ కేంద్రానికి వెళ్లే ఎయిడ్స్ రోగులకు సెకండ్ క్లాసులో సగం చార్జీ రాయితీ ఉంది. 2020లో వృద్ధుల రాయితీ ఆగినా ఇది ఆగలేదు. కానీ ఏ రోగమో రాసిన కాగితాన్ని టికెట్ కౌంటర్లో చూపాలి, వెనక వరసలో జనం చూస్తుండగా. ఆమె ఒక్కసారీ వాడుకోలేదు.

2014 నవంబరు 8న ఆసరా పింఛన్లు మొదలయ్యాయి. వృద్ధులకు, వితంతువులకు, చేనేత, గీత కార్మికులకు, హెచ్ఐవీ ఉన్నవాళ్లకు నెలకు వెయ్యి రూపాయలు. పంచాయతీ ఆఫీసు ముందు చాప మీద కూర్చున్న సారు ఫారం నింపుతూ తలెత్తకుండానే అడిగాడు: ‘‘ఏ ఖానాల రాయాలె?’’

ఆమె వెనక పాతిక మంది. ‘‘ముండమోసినదాన్ని సారు, అదే రాయుండ్రి.’’

రెండింటికీ మొత్తం ఒకటే. 2019లో 2,016 రూపాయలు అయినప్పుడూ రెండూ సమానంగానే పెరిగాయి. కాబట్టి ఆమె డబ్బు నష్టపోలేదు, గుట్టు నిలిచింది. పింఛన్ల హెచ్ఐవీ లెక్కల్లో మాత్రం ఆమె లేదు. సమ్మతి లేకుండా ఎవరి హెచ్ఐవీ సంగతీ బయటపెట్టకూడదని 2017లో చేసిన చట్టం 2018 సెప్టెంబరు 10న అమల్లోకొచ్చింది. మంచి చట్టం. అది పంచాయతీ చాప దాకా రావాలి. ఫారం నింపే మనిషి గొంతు తగ్గించి అడగడం కూడా వైద్యంలో భాగమేనని నేను గట్టిగా నమ్ముతాను.

పోస్టాఫీసులో వేలిముద్ర వేసి తెచ్చుకున్న ఆ డబ్బులోంచి బస్ కిరాయి ముందే తీసి చీర కొంగున కట్టేది. ఆ తర్వాత మాత్రలు తప్పలేదు. 2023 డిసెంబరు 9న ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితమైంది. ఆధార్ చూపితే కండక్టరు జీరో టికెట్ ఇస్తాడు. ఎక్కడికి, ఎందుకని అడగడు. రోగుల కోసం పెట్టింది కాకపోయినా, ఇన్నేళ్లలో ఇది ఆమెకు అక్కరకొచ్చినంతగా మరే రాయితీ రాలేదు.

కిందటిసారి మందుల వరసలో లింగంపేట దిక్కు పిల్లగాడొకడు కలిశాడు. లారీ క్లీనరు. రెండు నెలలుగా మాత్రలు ఆపేశాడట.

‘‘ఎందుకురా?’’

‘‘వచ్చి పోయే కిరాయిలు, ఒకరోజు కూలి. ఏడికెల్లి తేవాలె పెద్దమ్మా? నీకు టికెట్ లేదు. నాకున్నది.’’

‘‘పింఛను?’’

‘‘నన్నే ఖానాల రాస్తరు?’’

అతనికి పెళ్లి కాలేదు. ముసలివాడు కాదు. నేత, గీత తెలియదు. ఆమె దాక్కున్నట్టు దాక్కోవడానికి అతనికి మరో ఖానా లేదు. ఉన్నది ఒక్కటే. అది రాయించుకోవాలంటే ఊళ్లో నోరు తెరవాలి. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత సంచిలోంచి తన పచ్చ పుస్తకం తీసి చూపించింది.

‘‘ఊళ్లె ఇయ్యకు. నీ పుస్తకం, ఆధార్ జిరాక్సు దీసి కవర్ల వెట్టు. సోమారం కామారెడ్డి కలెక్టరాఫీసుల ప్రజావాణి ఉంటది. కవరు కవరు లెక్కనే సారు చేతికిద్దాం. నేనొస్త. పొద్దుగాల లింగంపేట బస్టాండు కాడ ఎక్కు.’’

‘‘నీ బీడీలు?’’

‘‘ఒక్కనాడు చిన్నమ్మకు మళ్ల బాగుండదు తీయ్.’’