స్టీరింగ్ కడ్డీ పక్కన నాలుగు గొట్టాలు

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొన్నేళ్లకే దక్షిణ కాలిఫోర్నియా షెడ్లలో పాత ఫోర్డ్ కారు ఇంజన్ తీసేసి వేరే కంపెనీ ఇంజన్ దించడం మామూలైపోయింది. దాంతోపాటే హెడర్ల వ్యాపారమూ పెరిగింది. కంపెనీ బిగించే పోత ఇనుప మానిఫోల్డ్ అన్ని సిలిండర్ల పొగనూ ఒకే ఇరుకు దారిలోకి తోసి సైలెన్సర్ వైపు పంపుతుంది. హెడర్‌లో అయితే ఒక్కో సిలిండరుకు విడిగా ఒక ఉక్కు గొట్టం ఉంటుంది. కాస్త దూరం పోయాక అవన్నీ కలెక్టర్ దగ్గర కలుస్తాయి. పొగ సాఫీగా పోతే పవర్ పెరుగుతుంది, అందుకే హెడర్ కొంటారు అన్నది అందరూ చెప్పే మాట. పుట్టుకతో వచ్చిన ఇంజనే ఉన్న కారు విషయంలో ఆ మాట చాలావరకు చెల్లుతుంది. ఇంజన్ మార్చిన కారు సంగతి వేరు. అక్కడ హెడర్ రూపాన్ని మొదటి నుంచీ శాసిస్తూ వచ్చింది చోటు. స్టీరింగ్ బాక్సు, స్టార్టర్ మోటారు, ఛాసిస్ కమ్మీ, వీటి మధ్య మిగిలిన ఖాళీని బట్టే గొట్టం వంపు తిరిగింది. పవర్ ఆ తర్వాతి లెక్క.

1932లో ఫోర్డ్ తెచ్చిన ఫ్లాట్‌హెడ్ వి8 దగ్గర నుంచి చూస్తే ఇది బాగా తెలుస్తుంది. 221 క్యూబిక్ అంగుళాలు, 65 హార్స్‌పవర్. సామాన్యుడు కొనగలిగే ధరకు వచ్చిన వి8 కావడంతో కుర్రకారుకు అదే ప్రాణమైంది. కానీ దాని పొగ దారి పుట్టుకతోనే వంకర. వాల్వులు బ్లాకులోనే, వి ఆకారం లోపలి వైపున ఉండటం వల్ల వేడి పొగ చుట్టూ నీళ్లున్న దారుల్లోంచి బ్లాకును అడ్డంగా దాటి బయటి వైపుకు రావాలి. ఒక్కో వైపు సిలిండర్లు నాలుగు, ద్వారాలు మూడే. మధ్య రెండు సిలిండర్లకూ కలిపి ఒకటే ద్వారం. శాండీ బెలాండ్ లాంటివాళ్లు ఈ ఇంజన్‌కు చేసిన హెడర్లు ఎంత పేరు పొందినా, బ్లాకు లోపలే కలిసిపోయిన ఆ రెండు సిలిండర్ల పొగను బయటి గొట్టం విడదీయలేదు. నీళ్లకు చేరే వేడినీ ఆపలేదు. జబ్బు ఇంజన్‌లోనే ఉన్నప్పుడు ఇంజన్‌నే మార్చాలి. 1949లో ఓల్డ్స్‌మొబైల్, కాడిలాక్ కంపెనీల ఓవర్‌హెడ్ వాల్వ్ వి8లు రావడంతో ఆ అవకాశం దొరికింది. 1951లో క్రైస్లర్ హెమీ, 1955లో షెవ్రొలే స్మాల్ బ్లాక్ వాటికి తోడయ్యాయి.

కొత్త ఇంజన్లలో పొగ ద్వారాలు హెడ్‌లోనే, బయటి పక్కకు తెరుచుకుని ఉంటాయి. పొగ కష్టం తీరింది, చోటు కష్టం మొదలైంది. పాత ఫోర్డ్ ఛాసిస్ ఫ్లాట్‌హెడ్ కొలతలకు చేసింది. దాని ఎడమ కమ్మీ మీద, ఇంజన్ వెనక భాగానికి ఆనుకున్నట్టుగా స్టీరింగ్ బాక్సు ఉంటుంది. కొత్త ఇంజన్ ఎడమ మానిఫోల్డ్ నేరుగా వెళ్లి దాన్నే తాకుతుంది. ఇంజన్‌ను కాస్త కుడికి జరిపినవాళ్లున్నారు, మానిఫోల్డ్‌ను కోసి అతికినవాళ్లున్నారు. స్మాల్ బ్లాక్ షెవ్రొలేకు ఈ రంగంలో అంత గిరాకీ రావడానికి తక్కువ బరువు ఒక కారణమైతే, దానికి దొరికే పొట్టేలు కొమ్ముల మానిఫోల్డ్ మరో కారణం. రెండు చివరల నుంచీ మధ్యకు వంగి, అక్కడి నుంచి నిటారుగా కిందికి దిగే ఆ పోత ఇనుము స్టీరింగ్ బాక్సును తప్పించుకుని పోతుంది. పవర్ కోసమే తపించే మనుషులు హెడర్ కొనడం మాని, కంపెనీ చేసిన ఇనుప ముక్క కోసం పాత సామాన్ల కొట్లు గాలించారంటే వాళ్లకు అసలు అడ్డం ఎక్కడొచ్చిందో అర్థమవుతుంది.

ఇంతకంటే గట్టి సాక్ష్యం సన్‌బీమ్ టైగర్. బ్రిటన్‌లోని రూట్స్ కంపెనీ తన చిన్న ఆల్పైన్ కారులో ఫోర్డ్ 260 వి8 పెట్టించి 1964లో అమ్మకానికి తెచ్చింది. తొలి నమూనా పని 1963లో రేసు కార్ల నిర్మాత కారల్ షెల్బీ మనుషులు కాలిఫోర్నియాలో చేశారు. ఆల్పైన్ పాత స్టీరింగ్ బాక్సుతో ఈ ఇంజన్ ఇమడదు కాబట్టి దాన్ని తీసి ర్యాక్ అండ్ పినియన్ స్టీరింగ్ పెట్టారు. అయినా ఎడమ వరుసలో చివరి స్పార్క్ ప్లగ్‌కు బానెట్ వైపు నుంచి చెయ్యి దూరదు. ఇంజన్ గదికీ కాబిన్‌కీ మధ్య రేకుకు రంధ్రం పెట్టి, దానికి రబ్బరు మూత బిగించి, కారు లోపలి నుంచి ప్లగ్ విప్పే ఏర్పాటు చేశారు. తర్వాత రూట్స్ క్రైస్లర్ చేతికి పోయింది. సొంత వి8 పెట్టుకుందామంటే క్రైస్లర్ ఇంజన్‌కు డిస్ట్రిబ్యూటర్ వెనక ఉంది, ఫోర్డ్‌కు ముందు ఉంది. వెనక చోటు చాలలేదు. సుమారు 7,000 కార్ల తర్వాత 1967లో టైగర్ ఆగిపోయింది.

చోటే అసలు శాసించేదన్న ఈ మాటకు గట్టి అభ్యంతరమే ఉంది. హెడర్‌తో నిజంగా పవర్ వస్తుంది కదా, రేసుల్లో రుజువైంది కదా అంటారు. నిజమే. వాల్వు తెరుచుకోగానే గొట్టంలో ఒత్తిడి అల బయల్దేరుతుంది. గొట్టం చివర అది తిరగబడి, లోపలికి లాగే అలగా వెనక్కి వస్తుంది. సరైన క్షణంలో వస్తే సిలిండర్‌లో మిగిలిన పొగను కూడా ఊడ్చుకుపోతుంది. ఆ క్షణాన్ని గొట్టం పొడవు నిర్ణయిస్తుంది. 1957, 1958 ఇండియానాపోలిస్ 500 రేసులు గెలిచిన కారు మీద ఉన్నది హెడర్ల తయారీదారు బెలాండ్ పేరే. కానీ ఆ కారును జార్జ్ సాలీ ఇంజన్‌ను దాదాపు పక్కకు పడుకోబెట్టి, దాని చుట్టూ కట్టాడు. ఇంజన్ మార్చేవాడికి ఆ వెసులుబాటు లేదు, కారు అప్పటికే తయారై ఉంది. స్మాల్ బ్లాక్ ఫైరింగ్ ఆర్డర్ 1-8-4-3-6-5-7-2. అందులో 5, 7 రెండూ ఎడమ వరుసవే, 90 డిగ్రీల తేడాతో వెంటవెంటనే పేలతాయి. ఆ రెండు అలలూ ఒకే కలెక్టర్‌లో గుద్దుకోకుండా ఉండాలంటే రెండు వరుసల గొట్టాలనూ అటూ ఇటూ దాటించి కలపాలి. ఇంజన్ నడిమధ్యన ఉన్న ఫోర్డ్ రేసు కారు జీటీ40లో అలా కలిపారు. ముందు ఇంజన్ ఉన్న వీధి కారులో ఆ గొట్టాలకు దారి దొరకడమే గగనం. సిద్ధాంతం ఏం కోరుతుందో అందరికీ తెలుసు, చోటు మాత్రం ఒప్పుకోదు.

చోటే ముఖ్యమైతే ఇనుప మానిఫోల్డ్‌తోనే సరిపెట్టుకోవచ్చు కదా అని ఇంకొకరు అడగవచ్చు. అది ఇమిడే కారుకు తప్పకుండా అదే మేలని నేనూ అంటాను. అది చప్పుడు తక్కువ చేస్తుంది, తేలిగ్గా పగలదు, గ్యాస్కెట్‌ను ఇబ్బంది పెట్టదు. అది ఇమడని చోటికే బ్లాకును హత్తుకుని దిగే పొట్టి హెడర్లు పుట్టాయి. వాటి గొట్టాలు అలల లెక్కకు చాలనంత పొట్టివి, అయినా కొంటారు. చట్టమూ వాటికే కలిసొచ్చింది. 1975 మోడళ్లతో కాటలిటిక్ కన్వర్టర్లు వచ్చాక, కన్వర్టర్‌ను దాని చోటు నుంచి కదిలించే పొడవాటి హెడర్‌కు కాలిఫోర్నియాలో అనుమతి దొరకడం కష్టం. మన దగ్గరైతే వాహనంలో మార్పులను కట్టడి చేసే 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ దాటి ఈ చర్చ ముందుకే పోదు.

1997లో షెవ్రొలే కార్వెట్‌తో వచ్చిన ఎల్ఎస్ ఇంజన్ ఇప్పుడు మాజ్దా, నిస్సాన్, బీఎండబ్ల్యూ కార్లలోకి కూడా దిగుతోంది. దానికి తగ్గ హెడర్ ఎంచుకునేవాళ్లు గొట్టం లావు ఒకటిన్నరా ఒకటీ ముప్పావు అంగుళాలా అని ముందే వాదించుకోవడం నాకు తలకిందుల పనిగా తోస్తుంది. ముందు మౌంట్ల మీద ఇంజన్ కూర్చోవాలి, గేర్‌బాక్సు, స్టార్టర్ బిగించాలి, స్టీరింగ్ కడ్డీ కలపాలి. అప్పుడు హెడర్‌ను రెండు బోల్టుల మీద వేలాడదీసి, స్టీరింగ్‌ను ఈ చివర నుంచి ఆ చివర వరకు తిప్పి చూడాలి. ఇంజన్ రబ్బరు మౌంట్ల మీద ఉంటుంది. యాక్సిలరేటర్ తొక్కగానే పక్కకు ఒరుగుతుంది. కాబట్టి ఆగి ఉన్నప్పుడు తాకడం లేదంటే చాలదు, ఒరిగినా తాకకూడదు. స్టార్టర్ తీగ గొట్టానికి ఎంత దూరంలో ఉందో చూడాలి, ప్రతి ప్లగ్‌కూ పానా పెట్టి తిప్పి చూడాలి, ఇంజన్ ఎత్తకుండా హెడర్ ఒక్కటే కిందికి వస్తుందో లేదో కూడా అప్పుడే తేల్చుకోవాలి. ఇన్నీ కుదిరాకే మిగతా బోల్టులు. మొదటిసారి ఇంజన్ బాగా వేడెక్కి, పూర్తిగా చల్లారాక వాటన్నిటినీ మళ్లీ ఒకసారి బిగించాలి.