నొప్పి లేని తెల్లమచ్చ

జంషెడ్‌పూర్ అనగానే ఉక్కు గుర్తుకు వస్తుంది. నోటి కాన్సర్ చరిత్రలోనూ ఆ ప్రాంతానికి స్థానం ఉంది. 1960లలో, ఆ పట్టణమున్న సింగ్‌భూమ్ జిల్లా బీహార్‌లో భాగంగా ఉండగా, బొంబాయిలోని టాటా ఫండమెంటల్ రీసెర్చ్ సంస్థకు చెందిన డాక్టర్ ఫాలీ మెహతా, డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు పిండ్‌బోర్గ్ తదితరులు అక్కడి గ్రామీణుల నోళ్ళను పరీక్షింపజేశారు. మన శ్రీకాకుళంతో సహా అయిదు జిల్లాల్లో 50,915 మందిని పరీక్షించి, 1969లో ఫలితాలు ప్రకటించారు.

అలవాటును బట్టి జబ్బు చోటు మారుతుంది. చుట్ట నిప్పును నోట్లో ఉంచుకొనే అడ్డపొగ అంగిలిని దెబ్బతీస్తుంది. ఖైనీ అయితే, దాన్ని ఒత్తిపెట్టుకొనే పెదవి లోపలి భాగాన్ని.

ఆసుపత్రికి వచ్చేవారిలో ఎక్కువగా ముదిరిన పుండ్లే కనబడతాయి. ఊళ్ళకు వెళ్ళినవారికి అంతకుముందు దశ కనబడింది. అదే నొప్పిలేని తెల్లమచ్చ. ఇలాంటి మచ్చలన్నీ కాన్సర్‌గా మారవు. ఏది మారుతుందో కంటిచూపుతో చెప్పలేం. అనుమానం ఉంటే చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినితో చూడాలి.

1975లో జంషెడ్‌పూర్‌లో మెహర్‌బాయి టాటా స్మారక కాన్సర్ ఆసుపత్రి వెలిసింది. అయితే ఆసుపత్రి ఎంత దగ్గరున్నా, రోగి సకాలంలో రావాలి కదా! తెల్లని లేదా ఎర్రని మచ్చ, పుండు, గడ్డ రెండు మూడు వారాలైనా తగ్గకపోతే, నోరు తెరవడం కష్టమవుతుంటే, నొప్పి వచ్చేదాకా ఆగకుండా నోటి శస్త్రవైద్యునికి చూపించుకోవాలి.