ఒక్క వోటు, ఒక గిన్నె: వర్జీనియా శాసనసభలో అధికార మార్పిడి

2018 జనవరి 4వ తేదీన రిచ్‌మండ్ నగరంలో రాష్ట్ర ఎన్నికల మండలి అధ్యక్షుడు జేమ్స్ ఆల్కార్న్, కళాప్రదర్శనశాల నుండి తెప్పించిన పింగాణీ గిన్నెలో చేయి పెట్టి ఒక చిన్న ఫిల్ముడబ్బీని పైకి తీశారు. అందులోని చీటీపై రిపబ్లికన్ అభ్యర్థి డేవిడ్ యాన్సీ పేరున్నది. వర్జీనియా ప్రతినిధుల సభలో ఆ పక్షానికి 51, డెమొక్రాట్లకు 49 స్థానాలు దక్కాయి. యాన్సీ ప్రత్యర్థి షెల్లీ సైమండ్స్ పేరు వచ్చి ఉంటే సభ సరిగ్గా సగానికి చీలేది.

వోట్లు సమానమైతే చీటీ తీయడం తెలుగునాట పంచాయతీ ఎన్నికలు చూసినవారికి కొత్త కాదు. కాని 1619 నాటి మూలాలు గల ఒక శాసనసభ ఆధిపత్యమే చీటీపై ఆధారపడటం అరుదు.

2017 నవంబరు ఎన్నికలకు ముందు ఆ సభలో రిపబ్లికన్లు 66 మంది. ట్రంప్ గెలిచిన మరుసటి ఏడు జరిగిన ఆ ఎన్నికల్లో డెమొక్రాట్లు ఒక్కసారిగా 15 స్థానాలు అదనంగా గెలుచుకున్నారు. మిగిలిన చిక్కు నౌకానిర్మాణానికి పేరుపొందిన న్యూపోర్ట్ న్యూస్‌లోని 94వ నియోజకవర్గం. తొలి లెక్కలో యాన్సీకి పది వోట్ల ఆధిక్యం. డిసెంబరు 19న జరిగిన పునర్గణనలో సైమండ్స్‌కు ఒక్క వోటు ఆధిక్యం. మరునాడు ముగ్గురు న్యాయమూర్తులు, ఇద్దరి పేర్ల పక్కనా వృత్తాలు నింపి సైమండ్స్ వృత్తంపై గీత గీసిన ఒక బ్యాలెట్‌ను యాన్సీ ఖాతాలో వేశారు. వైద్యుని చేతివ్రాతను మందుల దుకాణంలో ఊహించి చదివినట్టే, వోటరు మనసును ఒక గీతలో చదివారు. ఇరువురికీ 11,608 వోట్లు!

గిన్నె రిపబ్లికన్లకు అనుకూలించింది కాని, సభ మునుపటి సభ కాలేదు. 2012లో సుప్రీంకోర్టు మెడికెయిడ్ విస్తరణను రాష్ట్రాల ఇష్టానికి వదలినప్పటి నుండి దానిని అడ్డుకుంటూ వచ్చిన ఆ సభలోనే, 2018 ఫిబ్రవరిలో 19 మంది రిపబ్లికన్లు డెమొక్రాట్లతో చేయి కలిపారు. లబ్ధిదారులకు పని నిబంధన విధించేందుకు కేంద్రం అనుమతి కోరాలన్నది ఆ రాజీకి చెల్లించిన మూల్యం. స్వయంగా పిల్లల నరాల వైద్యుడైన గవర్నర్ రాల్ఫ్ నార్తమ్ జూన్ 7న సంతకం చేశారు. సుమారు నాలుగు లక్షల మందికి అర్హత కల్పించే ఆ విస్తరణ 2019 జనవరి 1న అమలులోకి వచ్చింది. పాలకపక్షం మారకముందే విధానం మారిందన్నమాట. చరిత్రకారులు అధికార మార్పిడిని 2019 నుండి లెక్కించవచ్చు. మందు లేక ఇంటివద్ద ఉండిపోయిన మధుమేహరోగికి మాత్రం అది అంతకు ముందే జరిగింది.

2019 నవంబరులో లాంఛనమూ పూర్తయింది. ప్రతినిధుల సభలో 55–45, సెనేటులో 21–19 తో డెమొక్రాట్లు రెండు సభలనూ గెలిచారు. గవర్నరు పదవితో పాటు ఉభయసభలూ ఆ పక్షం చేతికి రావడం పాతికేళ్ళలో అదే మొదలు. న్యాయస్థానం ఆదేశంతో హద్దులు మారిన 94వ నియోజకవర్గంలో ఈసారి సైమండ్స్ యాన్సీని ఓడించారు. సెనేటుకు గెలిచినవారిలో హైదరాబాదులో పుట్టి, నాలుగేళ్ళ వయసున అమెరికా చేరి, దశాబ్దాలపాటు ఆంగ్ల సాహిత్యం బోధించిన గజాలా హష్మీ ఒకరు. 2025 నవంబరులో ఆమె లెఫ్టినెంట్ గవర్నరుగా ఎన్నికయ్యారు. సెనేటుకు అధ్యక్షత వహించే ఆ పదవికి, వోట్లు సమానమైనప్పుడు నిర్ణాయక వోటు వేసే అధికారం ఉంది. అక్కడ గిన్నె అవసరం రాదు.