మహలఖా బాయి చందా: తన చరిత్రను తానే రాయించుకున్న కళాకారిణి

ఉర్దూ కవయిత్రిగా, నర్తకిగా, జాగీరుదారుగా హైదరాబాదు కొలువులో పేరు గడించిన మహలఖా బాయి చందా (1768–1824) మీద కల్పన అల్లదలచిన రచయితలకు ఒక చిక్కు ఉంది. ఆ పని ఆమె వారికంటే ముందే చేయించింది. గులాం హుస్సేన్ ఖాన్ జౌహర్ చేత ఆమె రాయించిన పారసీ గ్రంథం 'మాహ్‌నామా' దక్కన్ పాలకుల చరిత్రతో పాటు ఆమె వంశగాథను కూడా చెబుతుంది. ఆ కథనం ప్రకారం, గుజరాతులో సుంకాల ఉద్యోగి అయిన ఆమె తాత సర్కారు సొమ్ము కాజేసి పరారు కాగా, దిక్కులేని అమ్మమ్మ పిల్లలను వెంటబెట్టుకొని దేశం పట్టిపోయి, ఆటపాటలతో బతికే భగతియాల పంచన చేరింది. తల్లి రాజ్ కన్వర్ బాయి మొగలు మన్సబుదారు ఒకరి అండకు చేరడంతో కుటుంబం నిలదొక్కుకుంది. ఇందులో నిజమెంతో విడదీయడం కష్టమే కానీ, ఖర్చు భరించిన వ్యక్తి తన తాత దొంగతనాన్ని దాచకుండా రాయించడం గమనించదగిన విషయం. వీధిన పడిన కులీన కుటుంబంగా కనబడటానికి ఆ నేరం పనికి వచ్చింది.

ఆమె తవాయిఫ్, అంటే సంగీతం, నాట్యం, కవిత్వం, సభామర్యాద నేర్చి కులీనుల మజ్లిసులలో ప్రదర్శించి జీవించే స్త్రీ. తెలుగునాటి భోగం మేళాలతో దీనికి పోలిక ఉన్నా, దేవుడికి అంకితమయ్యే తంతు ఇందులో లేదు. 1762 నుంచి 1803 వరకు ఏలిన నిజాం అలీ ఖాన్ ఆదరణ ఆమెకు చిన్ననాడే దక్కింది. కౌలాస్, నిర్మల్, పాన్‌గల్ దండయాత్రలలో ఆమె నిజాం వెంట నడిచిందని 'మాహ్‌నామా' చెబుతుంది.

ఆమె యౌవనం గడిచిన కాలం సామాన్యమైనది కాదు. 1795లో ఖర్దా వద్ద మరాఠాల చేతిలో నిజాం ఓడిపోయి, ప్రధానమంత్రి అరస్తూ జాహ్‌ను పుణెకు బందీగా పంపవలసి వచ్చింది. అప్పుడు ఆదుకోని ఈస్టిండియా కుంపిణీతోనే 1798లో సైన్య సహకార ఒప్పందం కుదిరింది. ఫ్రెంచి అధికారుల కింద ఉన్న దళాలను ఆ ఏడాదే రద్దు చేశారు. మరుసటి ఏడు టిప్పు సుల్తాన్ రాజధాని శ్రీరంగపట్నం కూలింది. కొలువులో అరస్తూ జాహ్, మరో ప్రముఖుడు మీర్ ఆలం పరస్పరం పొసగని వారైనా, ఇద్దరి దగ్గరా ఆమెకు మన్నన ఉండేది. దీన్ని అవకాశవాదమని కొట్టివేయడం తేలిక గానీ, ప్రభువు మారితే జాగీరు పోయే లోకంలో ఒకే పక్షాన్ని నమ్ముకోవడం ఆమె వంటివారికి సాధ్యమయ్యేది కాదు.

ఈ లౌక్యం అన్నిటికంటే స్పష్టంగా కనిపించేది ఆమె దివాన్‌లో. (మంత్రిని దివాన్ అన్నట్టే, గజళ్ల సంపుటిని కూడా దివాన్ అంటారు.) 1798లో కూర్చిన ఆ సంపుటి ప్రతిని మరుసటి ఏడాది అక్టోబరులో ఒక నాట్య ప్రదర్శన సందర్భంలో కుంపిణీ అధికారి జాన్ మాల్కంకు ఆమె కానుకగా ఇచ్చింది. ఫ్రెంచి దళాల రద్దులో పాల్గొన్న వారిలో ఆయన ఒకరు. కొత్త బలం ఎటు మొగ్గుతున్నదో కొలువులో చాలామంది కంటే ముందు ఆమె పసిగట్టినట్టుంది. అందులోని ప్రతి గజల్‌లోనూ ఐదేసి ద్విపదలు ఉంటాయి. 'మక్తా' అనే చివరి ద్విపదలో 'చందా' అన్న కలం పేరు వచ్చి, ప్రేమ మాటలు మాట్లాడుతున్న గొంతు ఉన్నట్టుండి హజ్రత్ అలీ శరణు కోరుతుంది. ప్రవక్త, ఫాతిమా, అలీ, హసన్, హుస్సేన్‌లను 'పంజ్‌తన్' అని కొలిచే షియా భక్తికి, ఈ ఐదు అనే లెక్కకు సంబంధం ఉందనుకోవడం అసమంజసం కాదు. దివాన్ వెలువరించిన తొలి ఉర్దూ కవయిత్రి ఆమేనన్న ప్రసిద్ధి మాత్రం నిలవలేదు. అదే నగరానికి చెందిన లుత్ఫున్నిసా ఇంతియాజ్ దివాన్ ఏడాది ముందుదని పరిశోధకులు తేల్చారు.

ఆమెను స్త్రీ స్వేచ్ఛకు ప్రతీకగా నిలబెట్టే రచనలు ఒక సంగతిని తేలిగ్గా దాటేస్తాయి. దిక్కులేని ఆడపిల్లలను చేరదీసి, ఆటపాటలు నేర్పి, వారి సంపాదనతో పెద్ద దిక్కు ఇల్లు నడపడం తవాయిఫ్ గృహాల ఆనవాయితీ. ఆమె ఇల్లు కూడా ఆ పునాది మీదే నిలిచింది. అమ్మమ్మకు భగతియాల దగ్గర దొరికిన ఆసరా ఎలాంటిదో, ఆమె ఇంట్లోని పిల్లలకు దొరికినదీ దాదాపు అలాంటిదే. వారి వంశగాథలను ఎవరూ రాయించలేదు.

ఆమె జాగీర్లలో ఒకటైన అడిక్‌మెట్ భూముల మీదే తరువాతి కాలంలో ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం వెలసింది. దివాన్ ప్రతి లండన్ చేరింది. 1792లో తల్లి చనిపోయినప్పుడు మౌలాలి కొండ పాదాన ఆమె సమాధి మందిరం కట్టించింది. 1824లో ఆమెను కూడా అక్కడే, తల్లి పక్కనే ఖననం చేశారు.