ఏవీ రిసీవర్ కొనాలా, వద్దా?

చందూర్‌లో కొత్తిల్లు కట్టుకున్న మా బావ ఫోన్ చేసి ఇదే అడిగాడు. సౌండ్ సిస్టమ్‌లో ఖరీదైన పెట్టె అదే మరి. జవాబు దాని చరిత్రలోనే ఉంది.

రిసీవర్ అంటే మొదట్లో రేడియోనే. నిజాం కాలంలో, 1935లో, హైదరాబాదులో దక్కన్ రేడియో మొదలైనప్పుడు ఒక పెట్టె, అందులోనే ఒక స్పీకరు. తర్వాత స్టీరియో వచ్చి స్పీకర్లు రెండయ్యాయి. సినిమాహాళ్ళు ఇంకా ముందుకెళ్ళాయి. 1986లో కృష్ణ గారి సింహాసనం 70 ఎంఎంలో, ఆరు ట్రాకుల శబ్దంతో వచ్చింది. 1990ల చివర్లో డీవీడీ ఆ హంగామాని ఇంటికి తెచ్చింది. డిస్కులోని శబ్దాన్ని విడదీసి ఆరు స్పీకర్లకి పంపాలి, ప్లేయర్లన్నిటినీ ఒకచోట కలపాలి. ఏవీ రిసీవర్ చేసేది ఈ రెండు పనులే అన్నమాట.

రెండో పని ఇప్పుడు టీవీయే చేసేస్తుంది. 2009లో వచ్చిన హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ పుణ్యమా అని శబ్దం ఒక్క వైరులో బయటికొస్తుంది. ఇక మిగిలింది మొదటిది. ఘంటసాల పాటలు చాలావరకు మోనోలో రికార్డయినవే. వాటికి మామూలు స్టీరియో ఆంప్లిఫయరు, రెండు మంచి స్పీకర్లు చాలు.

కాబట్టి సోఫా వెనక్కి కూడా వైరు లాగి స్పీకర్లు పెట్టే ఉద్దేశం ఉంటేనే రిసీవర్ కొనండి. లేదంటే ఆ డబ్బు కూడా స్పీకర్ల మీదే పెట్టండి. మీరేమంటారు?