హైలురోనాన్: కంటిలో పుట్టిన పేరు, మోకాలిలో పెట్టుకున్న ఆశ

కంటి శుక్లానికి శస్త్రచికిత్స చేయించుకున్న వారు మీ బంధువులలో ఎవరో ఒకరు ఉండే ఉంటారు. మసకబారిన కటకాన్ని తీసి కృత్రిమ కటకాన్ని అమర్చారని వారికి తెలుసు. ఆ కొద్ది నిమిషాలూ కంటి లోపల ఒక జిగురు పదార్థం కాపలా కాసిందని చాలామందికి తెలియదు. అటువంటి జిగురు పదార్థాలలో ప్రసిద్ధమైనది హైలురోనాన్. దీనినే హైలురోనిక్ ఆమ్లం అని కూడ అంటారు. నేడు మోకాలి నొప్పికి ఇచ్చే ‘గుజ్జు ఇంజెక్షన్’లోనూ, ముఖానికి రాసుకునే సీరమ్ సీసా మీదా కనిపిస్తున్న పేరు అదే. ఒకే పదార్థం ఈ మూడు చోట్లా ఒకే విధంగా మేలు చేస్తుందా? దాని చరిత్ర తెలిస్తే ఈ ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది.

1934వ సంవత్సరంలో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో కార్ల్ మేయర్, జాన్ పామర్ అనే శాస్త్రజ్ఞులు పశువుల కనుగుడ్ల లోపల నిండి ఉండే పారదర్శకమైన జిగురు నుండి ఒక కొత్త పదార్థాన్ని వేరుచేశారు. గ్రీకు భాషలో గాజును ‘హయలోస్’ అంటారు. ఆ మాటకు, పదార్థంలో కనిపించిన యూరోనిక్ ఆమ్లం పేరును జోడించి దానికి నామకరణం చేశారు. తరువాత అది బొడ్డుతాడులోను, కీళ్ళ ద్రవంలోను, కొన్ని స్ట్రెప్టోకాకస్ సూక్ష్మజీవుల పైతొడుగులోను కూడ దొరికింది. గ్లూకురోనిక్ ఆమ్లం, ఎన్-ఎసిటైల్ గ్లూకోజమైన్ అనే రెండు చక్కెరలు ఒకదాని వెంట ఒకటిగా వేలసార్లు కూర్చిన పొడవాటి దండ ఇది అని 1950 దశకంలో తేలింది.

ఈ దండ నీటిని విశేషంగా పట్టి ఉంచుతుంది. కీలు నెమ్మదిగా కదిలినప్పుడు నూనెవలె జారుతుంది. ఒక్కసారిగా బరువు పడితే స్ప్రింగువలె ఆ ఒత్తిడిని తట్టుకుంటుంది. 70 కిలోల బరువున్న మనిషి దేహంలో సుమారు 15 గ్రాముల హైలురోనాన్ ఉంటుందని అంచనా. అందులో దాదాపు మూడోవంతు ప్రతిదినమూ విచ్ఛిన్నమై, ఆ స్థానంలో కొత్తది తయారవుతుంది. పాఠకులు ఈ సంగతిని గుర్తుంచుకోవాలి. తక్కినదంతా దీని మీదనే ఆధారపడి ఉన్నది.

దీనిని వైద్యానికి అందించిన వారిలో ముఖ్యుడు హంగరీలో జన్మించిన ఎండ్రె బలాజ్. 1942లో ఆయన దీనికి పేటెంటు కోరినది బేకరీ వంటకాలలో కోడిగుడ్డు తెల్లసొనకు బదులుగా వాడుకోవడం కోసం! ఆ తరువాత ఆయన కోడిపుంజు తలమీది ఎర్రని జుట్టు నుండి, వాపు కలిగించనంత శుద్ధమైన హైలురోనాన్‌ను తీసే విధానాన్ని సాధించాడు. దాని ఫలితంగా 1980లో ‘హీలాన్’ కంటి శస్త్రచికిత్సకు అందుబాటులోకి వచ్చింది. కార్నియా లోపలి వైపున ఒకే వరుసలో ఉండే కణాలు చనిపోతే మనిషిలో తిరిగి పుట్టవు. పనిముట్టో, కృత్రిమ కటకమో ఒరుసుకుంటే అవి నశిస్తాయి. ఈ జిగురు కంటి ముందు గదిని తెరిచి ఉంచి, ఆ కణాలకు రక్షణగా నిలుస్తుంది. మన దేశంలో ఇదే పనికి చౌకైన మిథైల్ సెల్యులోజ్ జిగురును కూడ విస్తారంగా వాడుతున్నారు. పని ముగియగానే జిగురును కడిగివేయాలి. మిగిలిపోతే కంటి ఒత్తిడి పెరుగుతుంది.

కంటిలో మనం దానిని కోరేది కొద్ది నిమిషాల సేవ మాత్రమే. మోకాలిలో కోరేది నెలల తరబడి ఉపశమనం. అరిగిన కీలులో సహజమైన హైలురోనాన్ పలుచబడుతుంది గనుక బయటి నుండి నింపితే మేలు కలుగుతుందని భావించారు. మొదట పందెపు గుర్రాలలో ప్రయత్నించారు. 1997లో అమెరికాలో మనుషుల మోకాళ్ళకు అనుమతి లభించింది. అయితే తరువాతి పరిశీలనలలో, ఉత్త ఉప్పునీటి ఇంజెక్షన్ కంటే దీనివలన అదనంగా కలిగే మేలు సగటున స్వల్పమే అని తేలింది. అమెరికా ఎముకల శస్త్రవైద్యుల సంఘం దీనిని అందరికీ మామూలుగా వాడమని సిఫారసు చేయడం లేదు.

‘‘ఇంజెక్షన్ చేయిస్తే గుజ్జు మళ్ళీ పెరుగుతుందా డాక్టరు గారూ?’’ అని నన్ను అడిగిన వారు అనేకులు. పెరగదు. అరిగిన మృదులాస్థిని ఇది తిరిగి నిర్మించదు. కొందరికి కొంతకాలం నొప్పి తగ్గవచ్చు. కాని అప్పు చేసి ఇంజెక్షన్ల వెంట తిరుగుతూ, బరువు తగ్గడం, తొడ కండరాలకు వ్యాయామం చేయడం వాయిదా వేసిన వారిని చూచి బాధపడ్డాను. ఆ రెండింటికీ పైసా ఖర్చు లేదు.

ఇక ముఖం సంగతి. సీరమ్‌లోని పెద్ద అణువులు చర్మం పైననే నిలిచి తేమను కాపాడుతాయి. ముడతలను మాయం చేయవు. చర్మం క్రిందికి ఎక్కించే ఫిల్లర్లలో ఉండేది, త్వరగా కరగకుండ అణువులను ఒకదానితో ఒకటి ముడివేసిన రకం. అది పొరపాటున రక్తనాళంలోకి పోతే చర్మం కుళ్ళవచ్చు, చూపే పోవచ్చు. అటువంటప్పుడు హైలురోనాన్‌ను కరిగించే హైలురోనిడేజ్ అనే ఎంజైమును వెంటనే ఇవ్వవలసి ఉంటుంది. బ్యూటీ పార్లర్లలో దీనిని చేయించుకోకండి.

కంటికి వెలుగునిచ్చే శస్త్రచికిత్సకు తోడ్పడిన పదార్థం గనుక దాని పేరు మీద మనకు నమ్మకం కలగడం సహజం. కాని ఆ నమ్మకాన్ని మోకాలికీ ముఖానికీ అలాగే బదిలీ చేయకండి. ఇంజెక్షన్ వ్రాసిన వైద్యుని వినయంగా అడగండి: నాకు ఎంత మేలు కలుగుతుంది? అది ఎంతకాలం నిలుస్తుంది? దీనికి ముందు నేను చేయవలసినవి ఇంకా ఏమైనా మిగిలి ఉన్నాయా?