కొండ లేని చోటి అలలు

జొన్నాడ దగ్గర గౌతమి మీది వంతెన స్తంభాన్ని దాటిన నీరు కొంతదూరం ఎగుడుదిగుడుగా సాగుతుంది. కొండను దాటిన గాలిదీ ఇంచుమించు అదే తీరు. పైకి లేచినది చుట్టుపక్కల గాలికన్నా బరువై కిందికి జారుతుంది, జారినది తేలికై మళ్లీ లేస్తుంది. ఈ ఊపే గురుత్వ తరంగం. ఐన్‌స్టీన్ చెప్పిన గురుత్వాకర్షణ తరంగాలతో దీనికి చుట్టరికం లేదు. ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది గనక అల పెద్దదై, చివరికి ఒడ్డున కెరటంలా విరిగి, మోసుకొచ్చిన తోపును అక్కడి గాలికి అప్పగిస్తుంది. ఎగువ వాతావరణంలోని ఒడిదుడుకులకు ఇవే కారణమని 1960లో కోలిన్ హైన్స్ వాదించారు. అల విరిగినప్పుడు గాలికి ఎంత తోపు అందుతుందో 1981లో రిచర్డ్ లిండ్‌జెన్ లెక్కకట్టారు.

వాతావరణ మోడల్ భూమిని దాదాపు వంద కిలోమీటర్ల గళ్లుగా విడదీస్తుంది. ఈ అలల్లో చాలావాటి పొడవు అంతకన్నా తక్కువ. కనుక వాటి ప్రభావాన్ని సూత్రంతో అంచనా కట్టక తప్పదు. 1980ల నాటి మోడళ్లలో ఉత్తరార్ధగోళపు శీతకాలపు పడమటి గాలులు మరీ జోరుగా వీచేవి. 1986, 87ల్లో బ్రిటన్, కెనడా పరిశోధకులు కొండల అలల లాగుడును చేర్చాక ఆ లోపం చాలావరకు తగ్గింది. గొప్ప విజయమే, కానీ ఆ లెక్క కొండలకే పరిమితం. దాని ప్రకారం చదునైన కోనసీమ మీది గడిలో పుట్టే అల దాదాపు సున్నా! వేసవి సాయంత్రం పదిహేను కిలోమీటర్ల ఎత్తుకు ఎగసి పైపొరను కిందనుంచి పొడిచే ఉరుముల మేఘం కదిలే కొండ కాదా? ఉష్ణమండలపు అలలను లెక్కలోకి తేవడంలో ఆలస్యానికి ఒక కారణం, లెక్క మొదలైన చోటేనని నా అభిప్రాయం.

మేఘాలూ అలలు పుట్టిస్తాయనడానికి సాక్ష్యం తిరుపతి దగ్గరి గాదంకిలో ఉంది. 1024 యాంటెన్నాల ఎంఎస్‌టీ రాడార్ 1990ల నుంచి అక్కడి గాలి నిలువు కదలికను కొలుస్తోంది; ఉరుముల మేఘాలు పుట్టించిన అలలను పట్టుకుంది. గాదంకి చుట్టూ కొండలున్నాయి కదా, అవి కొండల అలలే కావచ్చునన్నది న్యాయమైన అనుమానం. అయితే కొండ అల నేలతో పోలిస్తే దాదాపు నిలకడగా ఉంటుంది. మేఘపు అల గాలివానతో లేచి, నిమిషాల లెక్కన ఊగి, దానితోనే తగ్గుతుంది. ఆ వేళకాలాలే రెంటినీ విడదీస్తాయి.

భూమధ్యరేఖ మీద స్ట్రాటోస్ఫియర్ గాలులు సుమారు 28 నెలలకొక చక్రంగా తూర్పు పడమరలు మారతాయి. ఈ చక్రాన్ని నడిపే వాటిలో ఇలాంటి అలలు ముఖ్యమైనవి. వాతావరణ మోడళ్ల అంతర్జాతీయ పోలికల మూడో దఫాలో దాన్ని తనంతట తానుగా చూపిన మోడల్ ఒక్కటీ లేదు. అయిదో దఫాలో అయిదు, ఆరో దఫాలో పదిహేను. ఈ చక్రం మోడల్‌లో సరిగ్గా వస్తే రేపటి వాన చెప్పగలమా అంటే, అంత నేరుగా కాదు. పైగాలిని తప్పుగా నడిపే మోడల్ రాబోయే దశాబ్దాల గురించి చెప్పేదాన్ని మాత్రం జాగ్రత్తగా వినాలి.

గళ్లను కొద్ది కిలోమీటర్లకు కుదిస్తే సూత్రమే అక్కరలేదనేవారున్నారు. అలాంటి మోడళ్లు ఉన్నాయి, కానీ వాటిని వందేళ్లు నడపడం కంప్యూటర్లకు మోయలేని భారం. చిన్న అలలు ఆ గళ్లలోనూ జారిపోతాయి. కనుక ఇప్పటికి జొన్నాడ మీది మేఘం తోపు మోడల్‌లో ఒక అంకె. దాన్ని మిగతా గాలులు సరిగ్గా వచ్చేదాకా సవరించడం వేరు, గాదంకి కొలతలతో సరిచూడడం వేరు.